గీతలు నిండుగా ఉన్నాయి, నెట్టే నిండుకుంది

మా ఊళ్ళో బియ్యం అయిపోతే ‘అయిపోయాయి’ అనకూడదు, ‘నిండుకున్నాయి’ అనాలి. లేదన్న మాట ఇంట్లో వినపడకూడదని పెద్దవాళ్ళు పెట్టిన మర్యాద అది. మా అమ్మ తర్వాత ఈ మర్యాదని అంత నిష్ఠగా పాటించేవాళ్ళని మొబైల్ ఫోను కంపెనీల్లోనే చూశాను. జేబులోంచి ఫోను తీస్తే పైన మూల గీతలన్నీ నిండుగా ఉంటాయి. పక్కన 5జీ అని ధీమాగా రాసి ఉంటుంది. కింద మాత్రం ఒక చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. లేదని మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ చక్రాన్ని చూస్తూ బ్రిటన్లో పదిహేడేళ్ళ పైనే గడిపేశాను. 2008లో వచ్చాను. కన్సల్టెంటుని కాబట్టి ఒక ఊళ్ళో ఆరు నెలలుంటే ఎక్కువ. అద్దె గదికి లాండ్‌లైను పెట్టించుకుందామంటే ఏడాది కాంట్రాక్టు. అందుకని అందరిలాగే నేనూ ఒక డాంగిల్ కొన్నాను. ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు, లాప్‌టాప్ పక్కన గుచ్చుకునే అగ్గిపెట్టంత వస్తువు. నెలకి పదిహేను పౌన్లు, మూడు గిగాబైట్లు, వేగం ‘7.2 మెగాబిట్ల వరకు’. డబ్బా మీద 7.2 అరచెయ్యంత, ‘వరకు’ చీమ తలకాయంత. రాత్రి పదకొండు దాటాక బాగానే వచ్చేది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే ఉద్యోగస్తుడన్నవాడు ఇంట్లో ఉండే వేళ, ఈమెయిలు తెరుచుకునేలోగా కుక్కర్లో అన్నం ఉడికేది. సిగ్నలు కోసం డాంగిల్‌ని పొడుగాటి తీగకి తగిలించి కిటికీకి వేలాడదీసినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే కాదని మాత్రం నాకు తెలుసు.

సరే, 3జీ కదా, కొత్త కదా అనుకున్నాం. 2012లో 4జీ వచ్చింది. 2019లో 5జీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇంక మన కష్టాలు తీరిపోయాయన్నారు. కొన్నాళ్ళు నిజంగానే తీరతాయి, ఎందుకంటే ఆ ఫోన్లు కొన్నవాళ్ళు ఇంకా తక్కువమంది. అందరూ కొనుక్కున్నాక మళ్ళీ చక్రం. ఇన్నాళ్ళూ దీన్ని వానలాగా, మంచులాగా దేవుడి ఖాతాలో రాసేసి ఊరుకున్నాను. 2023 నవంబరులో ఒక సాయంత్రం తర్వాత ఊరుకోవడం మానేశాను.

ఆ వేళ క్లయింటు ఆఫీసు నుంచి లండన్ యూస్టన్ స్టేషనుకి వచ్చేసరికి ఐదూ నలభై. రైళ్ళు ఆలస్యం. వందలమంది తలలెత్తి బోర్డుకేసి చూస్తున్నారు, దించితే ఫోనులోకి చూస్తున్నారు. ఇండియాలో రాత్రి పదకొండు దాటింది. చెల్లెలు ఫోను చేసింది. నాన్నకి గుండెనొప్పి వచ్చిందనీ, విజయవాడలో ఆసుపత్రిలో చేర్చామనీ, యాంజియోగ్రామ్ తీశారనీ చెప్పింది. ఒకటి కంటే ఎక్కువ చోట్ల అడ్డంకులున్నాయట. ఇప్పుడే స్టెంటు వేయించుకుంటారా, బైపాసు గురించి ఆలోచిస్తారా అని డాక్టరుగారు ఇంట్లోవాళ్ళని అడుగుతున్నారట. “అన్నయ్యా, రిపోర్టులన్నీ నీకు వాట్సాప్‌లో పంపాను. నీ ఫ్రెండుకి చూపించి కనుక్కో, తొందరగా” అంది. నా చిన్ననాటి స్నేహితుడొకడు ఈ దేశంలోనే గుండె డాక్టరు.

గీతలన్నీ నిండుగా ఉన్నాయి. రిపోర్టు మాత్రం బూడిదరంగు ముద్దలా కనిపిస్తోంది, మధ్యలో చక్రం. స్టేషను వైఫైకి మారాను. నాలాంటి వాళ్ళందరూ దాన్నే పట్టుకుని వేళ్ళాడుతున్నట్టున్నారు, అదీ కదల్లేదు. ఫోను ఆపి మళ్ళీ వేశాను. ఫ్లైట్ మోడులో పెట్టి తీశాను. ఫోను తలపైకెత్తి పట్టుకుని స్టేషనంతా తిరిగాను, పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు జనం. చివరికి చెల్లెలికి మామూలు ఐఎస్‌డీ కాల్ చేసి, స్నేహితుడి నంబరు ఒక్కొక్క అంకే చదివి రాయించాను. తను తిన్నగా అతనికే పంపింది. ఈ తెలివి మొదటే రావాల్సింది, రాలేదు. అప్పటికి పదకొండు నిమిషాలు పోయాయి.

నాన్నకి ఆ రాత్రే స్టెంటు వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ పదకొండు నిమిషాల వల్ల ఏ నష్టమూ జరగలేదు. జరగకపోవడం మా అదృష్టం, ఫోను కంపెనీ గొప్పతనం కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అదే ఫోను, అదే చోటు, అదే నెట్‌వర్కు. వాట్సాప్‌లో ఫొటో రాలేదు, మామూలు ఫోను కాల్ మాత్రం వెంటనే కలిసింది. ఎందుకంటారు? 4జీలో మామూలు కాల్‌ కూడా డేటాగానే పోతుంది, కాకపోతే దానికి ముందు వరస ఇస్తారు. మాట తెగిపోకూడదు కాబట్టి అలా ఇవ్వడం మంచిదే, నాకేమీ అభ్యంతరం లేదు. నేను చెప్పొచ్చేదేమంటే, రద్దీ వేళ ఎవరికి దారివ్వాలి, ఎవర్ని నిలబెట్టాలి అన్నది గాలివాటంగా జరిగేది కాదు. ఎవరో కూర్చుని, ఆలోచించి, యంత్రంలో రాసిపెట్టినది. అమెరికాలో చౌక ప్లానులు తీసుకున్నవాళ్ళని అడగండి. రద్దీ వేళల్లో మీ వేగం ఇతరులకంటే తగ్గించవచ్చు అని కాగితంలోనే రాసి ఉంటుంది. దేవుడి ఖాతాలో రాయాల్సిన పద్దు కాదిది.

మర్నాడు కంపెనీకి ఫోను చేశాను. పేరు అనవసరం. నాకు జరిగింది ఇంకో కంపెనీలో మీకూ జరిగే ఉంటుంది. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక కుర్రాడు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. మీ ప్రాంతంలో సర్వీసు బాగానే ఉంది సార్, ఏ లోపమూ నమోదు కాలేదు, ఆ సమయంలో వాడకం ఎక్కువగా ఉండి ఉంటుంది అన్నాడు. అది లోపం కాదా అన్నాను. కాదట. టవరు పనిచెయ్యకపోతే లోపం. టవరు పనిచేస్తూ మనకి పని జరక్కపోతే అది ‘వాడకం’. అయితే నన్ను వదిలెయ్యండి నాయనా, వెళ్ళిపోతాను అన్నాను. రెండేళ్ళ కాంట్రాక్టులో ఇంకా తొమ్మిది నెలలున్నాయి, ఆ డబ్బంతా కట్టి నిక్షేపంగా వెళ్ళొచ్చన్నాడు. ఆ కుర్రాడి మీద అరవలేదు. అతని ముందున్న తెరమీద ఏముంటే అది చదువుతాడు, అతని జీతం అంతవరకే.

ఇంతకీ ఈ గీతల కథేమిటో, నెట్‌వర్కు పని నా వృత్తి కాకపోయినా పక్క వీధిలోవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతలో చెప్తాను. గీతలు చెప్పేది టవరు గొంతు మనకి ఎంత గట్టిగా వినిపిస్తోంది అన్నది. ఆ టవరు ముందు ఎంతమంది చేతులు చాచి నిలబడ్డారో గీతలు చెప్పవు. 5జీ అన్న అక్షరాల సంగతీ అంతే. చాలాచోట్ల 5జీని పాత 4జీ మీద ఆనించి నడుపుతారు. అలాంటి చోట్ల దగ్గర్లో 5జీ ఉందని తెలిస్తే చాలు ఫోను ఆ గుర్తు చూపించేస్తుంది, మన డేటా నడుస్తున్నది మాత్రం 4జీ మీదే కావచ్చు.

మా నాన్న దివిసీమలో శివారు రైతు. కృష్ణా కాలవ చివర పొలం అన్నమాట. ఆయనకి నేను ఈ రద్దీని వివరించబోతే ఆయనే నాకు వివరించారు. కాలవ ఒకటే. తూములు బోలెడు. ఎగువ వాళ్ళు తోడుకున్నాక మిగిలిందే శివారుకి. కాలవలో నీళ్ళున్నట్టు గట్టు మీద నుంచి కనిపిస్తూనే ఉంటాయి, మన చేలోకి ఎక్కవు. లస్కరు వంతులు వేస్తాడు. నీటి తీరువా మాత్రం ఎగువ రైతుకీ శివారు రైతుకీ ఒకటే. మొబైల్ టవరులో ఆ లస్కరు పని చేసేది ఒక ప్రోగ్రాము. సెకనులో వెయ్యోవంతుకోసారి వంతులు వేస్తుంది. మిగతాదంతా నాన్న చెప్పినట్టే.

లెక్క కూడా చూద్దాం. 20 మెగాహెర్ట్జుల 4జీ కాలవకి, రెండు యాంటెన్నాలతో, పుస్తకం ప్రకారం గరిష్ఠ వేగం 150 మెగాబిట్లు. ప్రకటనలకి ఎక్కేది ఈ అంకె. అది టవరు కింద మీరొక్కరే నిలబడితే. దగ్గరవాళ్ళూ దూరంవాళ్ళూ, గోడల వెనకవాళ్ళూ అందరూ కలిస్తే ఆ కాలవ మొత్తం మీద 30, 40 మెగాబిట్లు దాటడం కష్టం. వందమంది ఒకేసారి చెయ్యి చాచారనుకోండి. తలా 0.3, 0.4. మనిషి మొహం మనిషి మొహంలా కనపడే వీడియో కాల్‌కి ఒక మెగాబిట్ పైనే కావాలి. 5జీలో కాలవ చాలా వెడల్పు, నిజమే. కానీ ఆ వెడల్పాటి కాలవ ఎక్కువగా 3.5 గిగాహెర్ట్జుల దగ్గర ఉంటుంది. ఆ తరంగాలు ఎక్కువ దూరం పోవు, గోడలు సరిగ్గా దాటవు. ఇంట్లోకొస్తే మళ్ళీ పాత కాలవే గతి.

సరిగ్గా ఇక్కడే నా గొడవ మొదలవుతుంది. కాలవ సైజు ఇంత అని కంపెనీకి తెలుసు. ఏ సెల్లులో ఎంత రద్దీ ఉందో కూడా తెలుసు. నెట్‌వర్కు పరికరాలు మామూలుగా పదిహేను నిమిషాలకోసారి ఆ లెక్క రాసి పైకి పంపుతాయి. ఫలానా వీధిలో ఫలానా సెల్లు రోజూ సాయంత్రం ఆరింటికి నిండిపోతోందని వాళ్ళ తెరల మీద ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. అదే వీధిలో అదే సాయంత్రం వాళ్ళ దుకాణం తెరిచే ఉంటుంది. ‘అన్‌లిమిటెడ్’ సిమ్ములు అమ్ముతూనే ఉంటారు. సీట్లన్నీ నిండిపోయిన సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మితే దాన్ని రద్దీ అంటారా, ఇంకేమైనా అంటారా? మీరే చెప్పండి.

‘అలా ఆపి అమ్మడం కుదరదండీ’ అంటారు. ఎందుకు కుదరదు? అమెరికాలో టి-మొబైల్ తన 5జీ ఇంటి ఇంటర్నెట్‌ని ఖాళీ సామర్థ్యం మిగిలిన చోట్లే అమ్ముతానని చాలా ఏళ్ళు బాహాటంగా చెప్పుకుంది. చిరునామా అడిగి, ఆ సెల్లులో చోటు లేకపోతే వెయిటింగ్ లిస్టులో పెట్టేది. అంటే లెక్క ఉంది, లెక్క చూసి అమ్మడం కూడా వచ్చు. తనకి లాభమైన చోట వచ్చు. ఫోను సిమ్ము దగ్గరికొచ్చేసరికి ఆ విద్యే మర్చిపోతారు.

చట్టం ఏం చేస్తోంది అనుకుంటున్నారా? ఇది ఇంకా రంజుగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2015లో ఓపెన్ ఇంటర్నెట్ నియమావళి ఒకటి తెచ్చింది, యూనియన్లోంచి బయటికొచ్చాక కూడా బ్రిటన్ దాన్ని ఉంచుకుంది. దాని ప్రకారం ఇంటికి తీగ ద్వారా ఇచ్చే ఇంటర్నెట్ అయితే కాంట్రాక్టులో నాలుగు వేగాలు చెప్పాలి. కనిష్ఠ వేగం, మామూలుగా అందే వేగం, గరిష్ఠ వేగం, ప్రకటించిన వేగం. మొబైల్ అయితే రెండే. అంచనా గరిష్ఠ వేగం, ప్రకటించిన వేగం. చూశారా, ‘కనిష్ఠం’ అన్న మాటే లేదు. 2019 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన ఆఫ్‌కామ్ వారి బ్రాడ్‌బ్యాండ్ నియమాలకి ఒప్పుకున్న కంపెనీలైతే, ఇంటి ఇంటర్నెట్ వేగం హామీ ఇచ్చినదాని కంటే పడిపోయి, నెల రోజుల్లో బాగు చెయ్యలేకపోతే, పైసా కట్టకుండా కాంట్రాక్టులోంచి బయటపడొచ్చు. అదే మొబైల్‌కి అలాంటి కనిష్ఠ వేగం హామీయే లేదు. హామీ లేనప్పుడు తప్పడం అనేదే ఉండదు కదా. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

డబ్బు దగ్గర మాత్రం కాంట్రాక్టు చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. 2023 వసంతంలో ఈ దేశంలో లక్షలమందికి కాంట్రాక్టు మధ్యలోనే ఫోను బిల్లు 14 శాతం పైన పెరిగింది. ద్రవ్యోల్బణం 10.5, దాని మీద ఇంకో 3.9 అని ముందే రాసుకున్నారు. 2025 జనవరి 17 నుంచి చేసే కొత్త కాంట్రాక్టుల్లో అలా శాతాల్లో కుదరదు, ఎంత పెంచుతారో పౌన్లలో పెన్నీల్లో ముందే చెప్పాలని ఆఫ్‌కామ్ కట్టడి చేసింది. సంతోషం. కానీ పెంచడం ఆగలేదు, పెంచే అంకె ముందుగా చెప్తున్నారంతే. ఏప్రిల్లో ధర ఎంత పెరుగుతుందో పెన్నీతో సహా చెప్పగలిగినవాడు, సాయంత్రం ఆరింటికి వేగం ఎంతకి తగ్గుతుందో చెప్పలేనంటాడు.

నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క. ఏ క్లయింటుకి ఏ పని చేసిపెట్టినా మా కాంట్రాక్టులో సర్వీసు ఒప్పందం ఒకటుంటుంది. నెలలో 99.9 శాతం సమయం పనిచెయ్యాలి అంటే, ముప్ఫై రోజుల్లో నలభై మూడు నిమిషాలకి మించి పడుకోకూడదు. పడుకుంటే బిల్లులో కోత. రద్దీ ఎక్కువైంది సార్ అని చెప్తే క్లయింటు నవ్వుతాడు. రద్దీ ఎంతుంటుందో లెక్కగట్టడానికే కదయ్యా నీకు డబ్బులిచ్చేది అంటాడు. న్యాయమే. మరి ఇదే మాట మనం మన ఫోను కంపెనీని అడిగితే అత్యాశ ఎలా అవుతుంది?

వాళ్ళ వాదనలూ వినాలి కదా. మొదటిది, గాలిలో పోయే సరుకు, దానికి హామీ ఎలా ఇస్తాం అని. నేనడిగేది క్షణక్షణానికీ హామీ కాదు. నా ఇంటి చిరునామాలో, రద్దీ గంటల్లో, పది సార్లు చూస్తే తొమ్మిది సార్లు ఇంతకి తగ్గదు అని చెప్పమంటున్నాను. ఆ లెక్క వాళ్ళ దగ్గరున్నదే. రెండోది, జనం ఊరికే వీడియోలు చూస్తున్నారు, మేమేం చెయ్యం అని. ప్రకటనల్లో కుర్రాళ్ళు పార్కులో కూర్చుని చూస్తున్నది ఏమిటట, విష్ణు సహస్రనామమా? వీడియో చూడండి అని అమ్మి, చూసినందుకు తిడితే ఎలా?

మూడో వాదన కొంచెం బరువైనది. లైసెన్సులకే బోలెడు పోసేశాం అంటారు. నిజమే, 2000లో బ్రిటన్ 3జీ వేలంలో ఐదు లైసెన్సులకి దాదాపు 2,250 కోట్ల పౌన్లు పోశారు. ప్రభుత్వాలు వేలంపాటలో పిండుకున్న డబ్బు టవర్లకి మిగలకుండా పోయిందన్న మాటలో కొంత న్యాయం ఉంది. కొత్త టవరు పెడదామంటే మా వీధిలో వద్దని సంతకాలు సేకరించేదీ మనవాళ్ళే. సేకరించి, ఆ కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పంపడానికి నెట్టు రావడం లేదని విసుక్కునేదీ వాళ్ళే. అదీ నిజమే. కానీ ఇవన్నీ కాలవ ఎందుకు చిన్నదో చెప్తాయి. చిన్న కాలవకి పెద్ద ఆయకట్టు రాసుకుని అందరి దగ్గరా పూర్తి తీరువా ఎందుకు వసూలు చేస్తున్నారో చెప్పవు.

ఇంకొకటి, నచ్చకపోతే కంపెనీ మారండి అంటారు. బ్రిటన్లో సిమ్ము బ్రాండ్లు పదుల్లో ఉన్నాయి. సొంత నెట్‌వర్కు ఉన్నవాళ్ళు మాత్రం ఒకప్పుడు నలుగురు, 2025 మే 31న వొడాఫోన్, త్రీ కలిసిపోయాక ముగ్గురు. మిగతా బ్రాండ్లన్నీ వీళ్ళ దగ్గర అద్దెకి తీసుకున్నవే. బోర్డు మారుతుంది, కాలవ అదే. కలిసిపోవడానికి అనుమతి అడిగినప్పుడు పదేళ్ళలో 1,100 కోట్ల పౌన్లు నెట్‌వర్కు మీద పెడతామన్నారు, నియంత్రణ సంస్థ దాన్ని కట్టుబడి ఉండాల్సిన షరతుగా మార్చింది. బాగుంది. పెడితే మెచ్చుకుందాం. అయితే అది కంపెనీ ప్రభుత్వానికి ఇచ్చిన మాట. నెలనెలా బిల్లు కట్టే మనకిచ్చిన మాట ఏదీ?

ఇంటి దగ్గర నుంచి ఇది చదువుతున్నవాళ్ళు, ఇదంతా మీ దొరల దేశం గొడవ అనుకోకండి. అక్కడి నిర్వచనం చూడండి. 2004లో ఇండియాలో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కిలోబిట్లు. 2013లో 512. 2023లో 2 మెగాబిట్లు. నిర్వచనం పెరిగింది, సంతోషం. కానీ రాత్రి తొమ్మిదింటికి మీకు ఆ రెండు మెగాబిట్లు రాకపోతే మీ రీచార్జిలో ఎన్ని రూపాయలు వెనక్కొస్తాయి? 2024లో ట్రాయ్ తెచ్చిన నాణ్యతా నిబంధనల్లో పరిహారం అన్న మాట ఉంది కానీ అది జిల్లా స్థాయిలో సర్వీసు 24 గంటలకి మించి పడిపోతే. నత్తనడకకి లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర నేలకి దిగింది, మా ఊళ్ళో పాలవాడి దగ్గర కూడా వీడియో కాల్ వచ్చింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఛార్జీలు పెంచాయి. ధర పెరిగినప్పుడన్నా కనిష్ఠం గురించి అడగాలా వద్దా?

అసలు మనలాంటి వాళ్ళకి ఈ బాధ రెండింతలు. ఇక్కడ ఆఫీసులు వదిలే వేళ, అక్కడ భోజనాలయ్యి అందరూ ఫోన్లు పట్టుకునే వేళ. ఇటు రద్దీకీ అటు రద్దీకీ మధ్య దొరికిన సందులో అమ్మతో మాట్లాడుకోవాలి. అమ్మ మొహం సగం మాటలో ఆగిపోతే, మనకి విసుగొస్తుంది, ఆవిడ మాత్రం ‘పనిలో ఉన్నట్టున్నావు, పెట్టేస్తాలే నాన్నా’ అంటుంది. ఈ నష్టాన్ని ఏ కంపెనీ లెక్కల్లోనూ రాయరు.

అందుకని నేనడిగేవి మూడే. ఒకటి, మొబైల్‌కి కూడా రద్దీ గంటల్లో కనిష్ఠ వేగం కాంట్రాక్టులో రాయాలి, అది అందకపోతే పైసా కట్టకుండా బయటికి పోనివ్వాలి. రెండు, కవరేజి పటాల్లో రంగులు పూయడం కాదు, ఏ ప్రాంతంలో ఏ వేళకి ఎంత నిండిపోతోందో జనానికి చూపించాలి. మూడు, నిండిపోయిన చోట కొత్తగా అమ్మేటప్పుడు ఇక్కడ సాయంత్రాలు కష్టం అని ముందే చెప్పాలి.

ఇవి వచ్చేదాకా మనం చేతులు ముడుచుకోనక్కర్లేదు. బ్రిటన్లో ఉన్నవాళ్ళు ఫోనుతో ముడిపెట్టిన రెండేళ్ళ కాంట్రాక్టు జోలికి పోకుండా నెలనెలా వదిలించుకోగల సిమ్ము తీసుకోండి. వేగం బాగాలేనప్పుడు తారీకు, సమయం, చోటు, వచ్చిన వేగం రాసిపెట్టుకోండి. ఫోనులో అరవకండి, రాతలో ఫిర్యాదు చెయ్యండి. గడువులోగా తేల్చకపోతే స్వతంత్ర వివాద పరిష్కార సంస్థ దగ్గరికి వెళ్ళొచ్చు, మనకి ఖర్చుండదు. ఇండియాలో ఉన్నవాళ్ళకి, టెలికాం ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్లు వినొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నేను అలాగే కాగితాల మీద పోట్లాడాను. ఆరు వారాల రాసల తర్వాత మిగిలిన తొమ్మిది నెలల డబ్బు అడక్కుండా వదిలేశారు. తప్పు ఒప్పుకోలేదు, ‘సుహృద్భావంతో’ వదిలేస్తున్నామని రాశారు. వాళ్ళ సుహృద్భావం నాకక్కర్లేదు, నాకు హక్కు కావాలి.

మొన్న ఆదివారం నాన్నతో ఈ గొడవంతా చెప్తుంటే ఆయన పాత కథ తీశారు. శివారుకి నీళ్ళు రావడం లేదని ఏళ్ళ తరబడి లస్కరు మీద అరిచేవారట. ఏమీ లాభం లేకపోయింది, పాపం వాడి చేతిలో ఏముంది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చాక, శివారు రైతులు కొందరు పట్టుబట్టి తూము దగ్గర గేజీ రాయి వేయించారు. ఏ రోజు ఎన్ని అంగుళాలు వదిలారో గట్టు మీద నిలబడ్డ ప్రతివాడికీ కనపడేది. ఆ తర్వాత కూడా నీళ్ళు పుష్కలంగా ఏమీ రాలేదుట కానీ, లేవని చెప్పడానికి మాత్రం ఎవరూ అబద్ధం ఆడలేకపోయారుట.

“మరి మీ ఫోను కంపెనీవాడు గేజీ ఎందుకు పెట్టలేదురా?” అన్నారు.

“పెట్టాడు నాన్నా. వాడింట్లో పెట్టుకున్నాడు” అన్నాను.